ఆశీర్వాదానికి ముందే లేచేవాళ్ళు

మా తెలుగు సంఘంలో సాక్ష్యాల సమయమంటే నాకు భలే ఇష్టం. ఒకరి కొడుక్కి ఉద్యోగం వస్తుంది, ఒకరి బదిలీ ఆగిపోతుంది, ఒకరి కిడ్నీలో రాయి ఆపరేషన్ లేకుండానే పడిపోతుంది. లేచి నిలబడి, దేవునికి స్తోత్రం అని, ఆ మేలేదో నాలుగు ముక్కల్లో చెప్పి కూర్చుంటారు. ఢిల్లీ పక్కన ఘాజియాబాద్ వైశాలిలో మేము ఈ ఫ్లాటుకు మారాక మొదటిసారి గృహ కూడిక పెట్టినప్పుడు నా భార్య సువార్త కూడా లేచింది. నోయిడాలో పెద్దాసుపత్రిలో నర్సు. ఏ చావుబతుకుల కేసు గురించో చెప్పి అందరి కళ్ళూ తడిపేస్తుందని నేను ముందుగానే జేబురుమాలు తీసి పట్టుకున్నాను.

"ఈ ఇంట్లో నాకు గడియున్న లెట్రిన్ ఇచ్చినందుకు దేవునికి స్తోత్రమండి. ఒకటి కాదు, రెండిచ్చాడు," అంది సువార్త.

మా పాస్టరు అయ్యగారు ఆమేన్ అన్నారు. మిగతావాళ్ళు అనాలో వద్దో తెలియక నా వైపు చూశారు. సంఘపెద్ద యెషయాగారి భార్య కదా! నేను చటుక్కున కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి వెళ్ళిపోయినట్టు నటించాను. జేబురుమాలు మాత్రం పనికొచ్చింది, మొహం తుడుచుకోవడానికి.

అందరూ వెళ్ళాక నిలదీశాను. "అంతమందిలో అదేం సాక్ష్యం? సమోసాలు తింటున్నారు వాళ్ళు!"

"తిన్నాక వెళ్ళాల్సింది అక్కడికే కదండీ," అంది ప్లేట్లు తీస్తూ.

సువార్తది నరసాపురం దగ్గర పల్లె. వాళ్ళ పేటలో ఏ ఇంటికీ మరుగుదొడ్డి ఉండేది కాదు. ఆడవాళ్ళు చెంబు పట్టుకుని తెల్లవారకముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి పంటకాలవ గట్టుకు వెళ్ళాలి. ఆ రెండు చీకట్ల మధ్య ఏమొచ్చినా ఓర్చుకోవాలి. బడికి వెళ్ళే ఆడపిల్లకు పొద్దున్న మంచినీళ్ళు ఇవ్వని తల్లులు ఉంటారని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. గట్టు మీద మోటారుసైకిలు లైటు పడగానే అందరూ లేచి నిలబడేవారట. "ఆ లైటు పోయేదాకా తలొంచుకుని నిలబడతామండి, మేమేదో తప్పు చేసినట్టు," అని చెప్పింది ఒకసారి. నేను అయ్యో పాపం అని, టీవీలో క్రికెట్ చూడడం కొనసాగించాను.

మా పెళ్ళిచూపుల్లో, అమ్మాయి ఏమైనా అడగాలనుకుంటే అడగొచ్చు అన్నారు మా నాన్నగారు ఉదారంగా. జీతం గురించో, పై చదువు గురించో అడుగుతుందనుకుని నేను చొక్కా కాలరు సర్దుకున్నాను. "మీరుండే చోట లెట్రిన్ ఇంట్లోనేనాండి?" అని అడిగింది. ఉంది అన్నాను. అబద్ధం కాదు. కాకపోతే అది ఇంట్లో కాదు, ఇంటిమీద. ఘాజియాబాద్‌లో నేనుండే అద్దె గదికి డాబా మీద, మిగతా అద్దెవాళ్ళందరితో కలిపి ఒకటే ఉండేది. దాని తలుపుకు గడియ లేదు. లోపలున్నవాళ్ళు పాట పాడుతూ ఉండాలి. సువార్తకు కీర్తనలన్నీ నోటికి వచ్చింది అక్కడేనని నేను జోకులు వేసేవాడిని. ఆవిడ నవ్వేది కాదు. నాకు హాస్యం బాగా వచ్చనీ, ఆవిడకు రాదనీ అనుకునేవాడిని.

అందుకే ఈ ఫ్లాటు కొన్నప్పుడు నేను బాల్కనీలో నిలబడి మెట్రో కనిపిస్తోందా లేదా అని చూస్తుంటే, సువార్త బాత్రూములోకి వెళ్ళి గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుంది. ఇప్పటికీ డ్యూటీ నుంచి రాగానే లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుని కాసేపు రాదు. ఏం చేస్తున్నావంటే, "ఏం లేదండి, కూర్చున్నాను," అంటుంది. "ఎవరైనా వస్తున్నారేమోనని చెవి అటేసుకోకుండా కూర్చోడం ఎంత సుఖమో మీకేం తెలుస్తాదండి!"

నిజమే, నాకేం తెలుస్తుంది? మగపుట్టుక పుట్టాను. ఘాజియాబాద్‌లో ఉన్న గోడలన్నీ నావే. మా ఆరాధన జరిగే కాంప్లెక్సు వెనక గోడకు, ఎవరూ తడపకుండా, అన్ని మతాల దేవుళ్ళ బొమ్మలున్న పలకలు అతికించారు. అందులో మా ప్రభువు బొమ్మ కూడా ఉంది. నేను భయభక్తులు ఉన్నవాడిని కాబట్టి పలకలు అయిపోయేదాకా నడిచి, అక్కడ నిలబడేవాడిని.

ఆ కాంప్లెక్సు రెండో అంతస్తులో ఒక హాలు అద్దెకు తీసుకున్నాం. కింద మిఠాయి దుకాణం, మొబైల్ రిపేరు షాపు. హాలు చూసి ఖాయం చేసింది నేనే. అందులో ఒక్కటే లోపం కనిపించింది నాకు. ముందువైపు, అయ్యగారు నిలబడి వాక్యం చెప్పే వేదికకు సరిగ్గా వెనక, ఒక మరుగుదొడ్డి ఉంది. పరిశుద్ధ స్థలం వెనక మరుగుదొడ్డి ఏమిటి, సిగ్గులేకుండా! ఎవరైనా వెళ్తే నీళ్ళ చప్పుడు మైకులో వినబడదా? నేను మనస్తాపం చెంది, వెంటనే పరిష్కారం కనిపెట్టాను. లోపల చాపలు, పాత స్పీకర్లు, క్రిస్మస్ నక్షత్రాలు పెట్టించి, తలుపు మూయించి, దాని మీద ఆ ఏటి వాగ్దాన వచనం ఫ్లెక్సీ నిలువునా కట్టించాను. ఎంత బాగుందో అని అందరూ మెచ్చుకున్నారు. అందరూ అంటే మగవాళ్ళందరూ.

"మరి ఆడవాళ్ళు ఎక్కడికెళ్ళాలండి?" అంది సువార్త ఆ రోజే.

"అంతా చుట్టుపక్కలే కదా ఉండేది. ఇంటి దగ్గర చూసుకుని వస్తారు," అన్నాను.

ఇక మా ఆరాధన ఎంతసేపు సాగుతుందో చెప్పాలి. పాటలు, సాక్ష్యాలు, వాక్యం, రొట్టె ద్రాక్షరసాల బల్ల ఆచరణ, కానుకలు, ప్రకటనలు, చివర ఆశీర్వాదం. ఆశీర్వాదానికి ముందు సంఘపెద్ద ప్రార్థన ఉంటుంది. ఆ పెద్దను నేనే. నా ప్రార్థనలో దేశాన్ని ఏలేవాళ్ళు, సరిహద్దుల్లో సైనికులు, పరీక్షలు రాసేవాళ్ళు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు, వీసాల కోసం ఎదురుచూసేవాళ్ళు అందరూ ఉంటారు. ఆపుకుని కూర్చున్నవాళ్ళు మాత్రం ఉండరు.

కొన్నాళ్ళకు ఒక సంగతి గమనించాను. నేను ప్రార్థన మొదలుపెట్టి కళ్ళు మూసేటప్పుడు ఆడవాళ్ళ వైపు నిండుగా ఉంటుంది, తెరిచేసరికి సగం ఖాళీ. నా ప్రార్థన బాగాలేదా అని నన్ను నేను అడగలేదు. భక్తి తగ్గిపోయిందని తేల్చాను. ప్రకటనల సమయంలో మైకు పట్టుకుని, ఆశీర్వాదం అందుకోకుండా లేచిపోవడం ఎంత నష్టమో ఊదరగొట్టాను. అయినా ఆగలేదు. ఆ తర్వాతి ఆదివారం ఒక కుర్చీ తీసుకెళ్ళి తలుపుకు అడ్డంగా వేసుకుని, దాని మీద నేనే కూర్చున్నాను. సువార్త పక్క గదిలో పిల్లలకు సండేస్కూలు చెబుతోంది కాబట్టి నా పరాక్రమం చూడలేదు.

ఆ రోజు వాక్యం మధ్యలో జెనీఫర్ లేచి వచ్చింది. మా సంఘంలో పాటలు ఎత్తుకునే పిల్ల. ఢిల్లీలోనే పుట్టి పెరిగింది, ల్యాబులో పనిచేస్తుంది. అప్పటికి కడుపుతో ఉంది, చూస్తేనే తెలిసేంత.

"అంకుల్, బస్ ఏక్ మినిట్," అంది మెల్లగా.

"ఆశీర్వాదం అయ్యాక వెళ్దువుగాని అమ్మా," అన్నాను, ఎంతో ప్రేమగా.

ఆ పిల్ల తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది, చీర కొంగు తల మీదికి లాక్కుని వెనక్కి వెళ్ళి కూర్చుంది. నా ప్రార్థన ఆ రోజు మరీ బాగా వచ్చింది. పొరుగు దేశాలను కూడా కలిపాను.

ఆ వారంలో ఒక సాయంత్రం సువార్త చెప్పింది. "జెనీఫర్‌కి చలిజ్వరమండి. అడ్మిట్ చేశారు."

"ఢిల్లీ గాలి అలాంటిది," అన్నాను.

"గాలి కాదండి..." అని ఏదో చెప్పబోతుంటే కింద ఆసుపత్రి క్యాబు హారన్ కొట్టింది. ఆవిడ వెళ్ళిపోయింది. నేను అడగలేదు. జెనీఫర్ కోసం ఫోనులో ప్రార్థన చేసి, నా పని అయిందనుకున్నాను.

మరుసటి ఆదివారం ఆడవాళ్ళ చాపలు సగానికి సగం ఖాళీ. సువార్త రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వస్తానంది, ఇంకా రాలేదు. కాలేజీలో చదివే మా అబ్బాయి లెవి కీబోర్డు సర్దుతూ, "పప్పా, ఆంటీలోగ్ గురుద్వారే కీ తరఫ్ జా రహీ థీ," అన్నాడు. వేరే సంఘంవాళ్ళు మన విశ్వాసులను లాక్కుపోతే గొర్రెల దొంగలని తిట్టుకోవడం మాలో ఉంది. కానీ ఇదేమిటి, ఏకంగా గురుద్వారాకే! ఇంతమంది మతం మారిపోతుంటే నేను తలుపు దగ్గర కుర్చీ వేసుకుని ఏం కాపలా కాసినట్టు?

వాక్యం మధ్యలో లేచాను. అంటే, ఆశీర్వాదానికి ముందే లేచాను. మెట్లు దిగుతుంటే ఇంకో సంగతి కూడా బయటపడింది. ముందురోజు ఎవరిదో నిశ్చితార్థంలో తిన్న బిర్యానీ కడుపులో కదులుతోంది. ధర్మకార్యం ముందు ఇదెంత అని పళ్ళు బిగించి నడిచాను.

గురుద్వారా ఆ వీధి చివరే. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని లోపలికి అడుగు పెట్టబోతే, తెల్లగడ్డం పెద్దాయన ఒకరు ఆపి, పెట్టెలోంచి నారింజరంగు గుడ్డ తీసి నా తలకు తనే కట్టాడు. మా ఆడవాళ్ళకు ఆ ఇబ్బంది లేదు. ఆరాధనలో కొంగు తల మీద వేసుకోవడం మాకూ ఆచారమే. చూస్తే, ఒక పక్కగా అందరూ కొంగులు కప్పుకుని, పాటల పుస్తకాలు చంకలో పెట్టుకుని, బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నారు. ప్రసాదానికేమో అనుకున్నాను. వరస ముందున్న తలుపు చూశాక గాని అర్థం కాలేదు. అది ఆడవాళ్ళ మరుగుదొడ్డి.

ఏం అనాలో వెతుక్కునేలోపు కడుపు మెలిపెట్టింది. ఏ ఉపోద్ఘాతమూ లేకుండా మగవాళ్ళ వైపు పరుగెత్తాను. అక్కడా వరస ఉంది. నేను టై కట్టుకుని, తలకు నారింజగుడ్డతో, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడ్డాను. నా సంఘంలో సగంమంది ఆడవాళ్ళు ఎదురుగా నిలబడి చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అప్పుడు ఆడవాళ్ళ వైపు తలుపు తెరుచుకుని సువార్త బయటికి వచ్చింది. చున్నీ నడుముకు బిగించి, ఒక చేత్తో బకెట్టు, ఒక చేత్తో లెట్రిన్ కడిగే బ్రష్షు. నన్ను చూసింది. ఒక్క క్షణంలో కేసు అర్థమైపోయింది ఆవిడకు. నా ముందున్నాయనతో, "భయ్యా, ఇన్‌కో జానే దీజియే, ఎమర్జెన్సీ హై," అంది, వార్డులో అరిచినట్టే. ఆయన పక్కకు జరిగాడు. "ముందు వెళ్ళి రండి. తర్వాత మాట్లాడుకుందాం," అంది నాతో.

లోపల నేల తడిగా, శుభ్రంగా ఉంది. బకెట్టు నిండా నీళ్ళు, మగ్గు, కొక్కేనికి సబ్బు. గడియ పడిన చప్పుడుకు నాకు ప్రాణం లేచివచ్చింది. నిజం చెబుతున్నాను, నేను చేసిన పొడుగాటి ప్రార్థనలన్నిటిలోనూ లేనంత కృతజ్ఞత ఆ కాస్త సేపట్లో నాకు కలిగింది. నేను వరసలో ఆగింది కాసేపే. ఆ కాసేపటికే చెమటలు పట్టాయి. ఆ పిల్ల కడుపులో బిడ్డతో నా ప్రార్థన అంతా కూర్చుంది. పొరుగు దేశాలతో సహా.

బయటికి వచ్చేసరికి సువార్త పంపు దగ్గర బకెట్టు కడుగుతోంది.

"జెనీఫర్‌కి..." అన్నాను.

"ఆపుకుంటే ఇన్‌ఫెక్షన్ వస్తాదండి. కడుపుతో ఉన్నోళ్ళకి ఇంకా తొందరగా వస్తాది. అది ముదిరితే నెలలు నిండకుండానే కాన్పు అయిపోద్ది. తగ్గుతోంది. బిడ్డ కదులుతోంది. కానీ ఇంకా భయంగానే ఉంది నాకు." కడిగిన బకెట్టునే మళ్ళీ కడిగింది. ఐసీయూలో ఎన్నో చూసిన మనిషి. "ఆ హాలు తీసుకున్నప్పటి నుంచీ ఇక్కడికే వస్తన్నామండి. వీళ్ళు ఏ మతమని అడగలేదు. మీరు కుర్చీ వేసుకున్న రోజునే ఆగిపోయాం. ఇవాళ ముందు ఇక్కడికొచ్చి, ఆ తర్వాతే అక్కడికెళ్దామనుకున్నాం."

నాకు తల ఎత్తాలనిపించలేదు. తల మీద గుడ్డ ఉంది కాబట్టి ఎత్తకపోయినా భక్తిగానే కనిపించి ఉంటాను. కానీ నాలో సంఘపెద్ద ఇంకా పూర్తిగా చావలేదు. ఆవిడ చేతిలో బ్రష్షు వైపు చూపించి, గొంతు తగ్గించి అన్నాను. "అది నువ్వెందుకు పట్టుకున్నావు? ఆ పని నుంచి బయటపడాలనే కదా మా నాన్న నన్ను చదివించింది."

ఆ మాట వెనక ఏముందో సువార్తకు తెలుసు. మా తాత మునిసిపాలిటీలో చేసిన పని అదే. ఊరంతా వాడితే ఆయన ఎత్తేవాడు. అందుకే మా ఇంట్లో బాత్రూము ఎప్పుడూ సువార్తే కడగాలి. నేను బ్రష్షు ముట్టుకోను. చాలా రోషం గల మనిషిని మరి.

"ఒకళ్ళు వాడితే ఇంకోళ్ళు కడగడం తప్పండి," అంది. "మేం వాడుకున్నాం, మేం కడుగుతున్నాం. ఇక్కడ కార్లున్నోళ్ళు కూడా వచ్చి కడుగుతారు. ఇందులో మీ నాన్నగారి పరువు పోయేదేముంది?"

తిరిగి హాలుకు వచ్చేసరికి అయ్యగారు ఆశీర్వాదం పలికేశారు. సంఘపెద్ద ప్రార్థన లేకుండానే అయిపోయింది. ఎవరూ దిగులుపడినట్టు కనిపించలేదు. నేను నేరుగా వేదిక మీదికి వెళ్ళి, ఫ్లెక్సీ తాళ్ళు విప్పడం మొదలుపెట్టాను. తల మీంచి ఆ నారింజగుడ్డ తీయడం మర్చిపోయానని తర్వాత లెవి చెప్పాడు. "యెషయాగారూ, ఏమైందండీ?" అన్నారు అయ్యగారు కంగారుగా. తలుపు తెరిచి చూపించాను. జరిగింది చెప్పాను, నా కుర్చీతో సహా. ఆయన లోపలికి తొంగిచూశారు. తర్వాత కోటు విప్పి కుర్చీ మీద వేసి, చాపలు ఒక్కొక్కటీ బయటికి అందివ్వసాగారు. ఆ కుర్చీ నాదే. చివరికి అదొక మంచి పనికి వచ్చింది.

ప్లంబరును పిలిచాం, కొత్త తలుపు పెట్టించాం, గడియ సువార్త తనే కొనుక్కొచ్చి, వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుంది. నీళ్ళ చప్పుడు మైకులో వినబడుతుంది. అయ్యగారు వాక్యం ఆపరు. ఫ్లెక్సీ పక్కగోడకు మారింది. కడగడం వంతులవారీగా అని ఆడవాళ్ళు నిర్ణయించారు. మగవాళ్ళకు కూడా వంతు ఉంటుందని కూడా వాళ్ళే నిర్ణయించారు.

జెనీఫర్ చాలా వారాలు మంచం దిగలేదు. ప్రతి ఉదయం సువార్త ఫోను మోగగానే చేస్తున్న పని ఆపి చెవి అటు వేసేవాడిని. నేను భయపడని రోజు లేదు. నా ప్రార్థనలు పొట్టివైపోయాయి. ఆ పిల్లనూ బిడ్డనూ కాపాడు ప్రభువా, అంతే. నెలలు నిండాకే ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు సువార్త ఆసుపత్రి నుంచి చెప్పినప్పుడు నేను ఆఫీసులో వలవలా ఏడ్చాను. పక్క సీటాయన ఎవరు పోయారని అడిగాడు.

బిడ్డను తీసుకుని జెనీఫర్ మొదటిసారి ఆరాధనకు వచ్చిన ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను లేచాను. పెద్ద ప్రసంగమే తయారు చేసుకున్నాను గాని, నిలబడ్డాక ఒక్క ముక్కే వచ్చింది. "గడియున్న మరుగుదొడ్డి ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం." ఈసారి ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చిన ఆమేన్‌కు బిడ్డ ఉలిక్కిపడి లేచింది. నేను ఎంతో ఉదాత్తంగా కూర్చోబోతుంటే, వెనక నుంచి సువార్త వంగి నా చెవిలో అంది. "సాక్ష్యం బాగుందండి. ఇవాళ వంతు మనదే. నాది పోయిన నెల అయిపోయింది."

ఆఖరి పాట అవుతుండగా లోపలికి వెళ్ళి, చొక్కా చేతులు మడిచి, జీవితంలో మొదటిసారి ఆ బ్రష్షు పట్టుకున్నాను. మా నాన్న గుర్తొచ్చాడు, మా తాత గుర్తొచ్చాడు. ఫినాయిలు ఎక్కువ పోశానేమో, కళ్ళు మండాయి. ఎంత తోమినా ఇంకా ఏదో మిగిలినట్టే ఉంది. ఇంతలో తలుపు మీద మెల్లగా తట్టారు.

"అంకుల్, హో గయా క్యా?" జెనీఫర్ గొంతు.

"ఒక్క నిమిషం అమ్మా," అన్నాను కంగారుగా.

"ఆశీర్వాదం అయ్యేదాకా ఆగమంటారా అంకుల్?" అంది ఆ పిల్ల.

నేను చేతిలో బ్రష్షుతోనే వెంటనే తలుపు తీశాను.